దక్షిణాదిలో వేడినీళ్ళు

నవంబర్ 4

పుస్తకం వచ్చేసింది. పార్సిల్ షాపుకే వచ్చింది. ఆగలేక చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్‌తోనే టేపు చింపాను. అది ఫ్రేములు బిగించేది, మొన పోతే కొత్తది నువ్వే తేవాలి అన్నారు ఓనరు గారు. అట్ట మీద నా పేరు చూశాక మాత్రం కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఇన్నేళ్ళుగా ఆయన కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో కూర్చుని జనానికి కళ్ళు పరీక్ష చేస్తున్నాను. ఇది బాగుందా, ఇది బాగుందా, మొదటిదా రెండోదా అని అడగడం తప్ప ఈవిడకి వేరే మాట రాదనుకున్నారట.

అట్ట మీద సముద్రం, ఒక లాంతరు, వెనక్కి తిరిగి నిలబడ్డ ఆడమనిషి. కింద ఎర్రటి అక్షరాలతో, దక్షిణాది డిటెక్టివ్ నవల, ఒక హత్య, ఒక దెయ్యం అని వేశారు. అదంతా పబ్లిషర్ సొంత పైత్యం. నేను దక్షిణాది ముఖం ఎరగను. మాది చలి ఊరు. ఎక్కడో దూరాన, ఉక్కపోత ఊళ్ళో కథ పెడితే, ఇది మీ ఇల్లేనా, వాడు మీ ఆయనేనా అని ఎవరూ పీక్కుతినరని పెట్టాను.

సాయంత్రం మొదటి కాపీ పిన్నికి ఇచ్చి వచ్చాను. ఊరంతా చదివి ఛీ అన్నా దులిపేసుకుంటాను. నాకు కావలసింది పిన్ని మాట ఒక్కటే. అమ్మ పోయినప్పుడు నాకు ఐదేళ్ళు. స్నానానికి వెళ్ళి గుండె ఆగి పోయిందట. తర్వాత నాన్న అమ్మ చెల్లెలినే చేసుకున్నాడు. నన్ను పెంచింది పిన్ని. చదవడం నేర్పింది పిన్ని. డిటెక్టివ్ నవలల పిచ్చి అంటించింది కూడా పిన్నే. మిషన్ మీద ఎవరివో ప్యాంట్లు పొట్టి చేస్తూ, పక్కన నవల తెరిచి పెట్టుకుని, కథ సగానికి రాకముందే హంతకుణ్ణి పట్టేసేది. ఒక్కసారీ తప్పలేదు. అందుకే మొదటి పేజీలో ఇలా రాసి సంతకం పెట్టాను: 'పిన్నికి. ఈసారి హంతకుణ్ణి పట్టుకో చూద్దాం.'

పిన్ని అది చదివి నవ్వింది. సంచిలో పెట్టుకుంది.

నవంబర్ 7

పిన్ని ఇంకా మొదలుపెట్టలేదట. కళ్ళు సరిగా ఆనడం లేదంది.

నవంబర్ 12

ఓనరు గారి తెలివికి దణ్ణం పెట్టాలి. దగ్గరి చూపు పరీక్షకి చిన్న అక్షరాల కార్డు ఒకటి ఉంటుంది. దాన్ని సొరుగులో పడేసి నీ నవల చేతికివ్వు అన్నారు. కొత్త అద్దాలతో రెండు పేజీలు చదివితే మూడో పేజీకి వాళ్ళే కొంటారని ఆయన ప్లాన్. సిగ్గుతో చచ్చాను. షాక్ ఏమిటంటే, నిజంగానే కొంటున్నారు. పరీక్ష అద్దాలు మార్చి మార్చి వేసే ట్రయల్ ఫ్రేమ్ ముక్కు మీద పెట్టుకుని నా వాక్యాలు నాకే చదివి వినిపిస్తున్నారు. నంబర్ సరిపోయిందా అని నేనడిగితే, ఆ దెయ్యం ఎవరండీ అని వాళ్ళడుగుతున్నారు.

రోజుకి నాలుగుసార్లు కథ చెప్పాల్సి వస్తోంది. ఒక రేవు పట్నం. ఒక ఇల్లాలు బాత్రూములో చచ్చిపడి ఉంటుంది. కాలుజారి పడిందని అందరూ అంటారు. ఎప్పుడూ దగ్గుతూ ఉండే డిటెక్టివ్ ఒకడు దిగుతాడు. ఆ ఇంట్లో తెల్లవారుజామున ఆవిడ దెయ్యం వచ్చి, స్టూలెక్కి, బాత్రూము వెంటిలేటర్ తలుపు తీసి పోతూ ఉంటుంది. అప్పుడు మనవాడికి బల్బు వెలుగుతుంది. గోడకి గ్యాస్ గీజర్ ఉంది. వెంటిలేటర్ మూసి గీజర్ వెలిగిస్తే గదిలో విషగాలి నిండి మనిషి చప్పుడు లేకుండా పోతుంది. మూసినవాడు పక్క పోర్షన్ ఫోటోగ్రాఫర్. బయట నిచ్చెన వేసుకుని మూశాడు.

అమ్మ పోయింది బాత్రూములో కాబట్టి నాకు బాత్రూము తట్టింది. గ్యాస్ సంగతి ఎప్పుడో పేపర్లో చదివాను. మిగతాదంతా అల్లేశాను.

నవంబర్ 16

మా షాపు పక్కన బ్యూటీ పార్లర్ నడిపే అమ్మాయి పొద్దున్నే వచ్చి నామీద పడింది. నవల చదివినప్పటి నుంచి బాత్రూము తలుపు వేసుకోలేకపోతున్నానక్కా, మా అత్తగారు తిడుతున్నారు అంది. ఫోటోగ్రాఫర్ గురించి అడిగితే చెయ్యి విదిలించింది. వాడి మొహం, వాడు నవలలో ఉన్నా లేకపోయినా ఒకటే అంది. దెయ్యం మాత్రం చూసి రాసినట్టుందక్కా అంది.

ఉలిక్కిపడ్డాను. ఫ్రేము చేతిలోంచి జారింది.

ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను కాబట్టి రాస్తున్నాను. చూసే రాశాను. అమ్మ పోయిన రెండు మూడేళ్ళకి, చలికాలంలో, ఇంకా చీకటిగానే ఉన్నప్పుడు మెలకువ వచ్చి చూస్తే బాత్రూములో అమ్మ ఉంది. స్టూలు మీద నిలబడి ఉంది. వీపు కనబడుతోంది. అమ్మ ఊలు శాలువా, అంచు దగ్గర కాలిన మచ్చ ఉన్నది, కప్పుకుని ఉంది. చెయ్యి పైకెత్తి వెంటిలేటర్ తీస్తోంది. భయం వెయ్యలేదు. మళ్ళీ పడుకున్నాను. ఆ తర్వాత కూడా చూశాను. నాన్నకి చెప్పలేదు, పిన్నికి చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు. చెబితే రాదేమోనని. అమ్మ మొహం నాకు గుర్తు లేదు. ఆ వీపు ఒక్కటే గుర్తు. ఈ నవల రాసిందే ఆ వీపు కోసం.

నవంబర్ 20

ఒళ్ళు మండిపోతోంది. లెక్కల మాస్టారు వచ్చారు. రిటైరై చాలా కాలమైంది, చదివే అద్దాలు నా దగ్గరే చేయించుకున్నారు. ఆ అద్దాలతోనే నా నవల చదివి, అదే కుర్చీలో కూర్చుని, వేలు ఒక్కొక్కటే మడుస్తూ నన్ను ఉతికి ఆరేశారు.

మీ నవల ఊళ్ళో చొక్కా వీపుకి అంటుకుపోయేంత ఉక్కపోత అని పేజీలకు పేజీలు రాశారు, అలాంటి ఊళ్ళో వేడినీళ్ళ స్నానం చేసే మనిషి ఎవరమ్మా అన్నారు. గీజర్ ఎందుకు అన్నారు. ఆ వేడిలో దెయ్యం ఊలు శాలువా కప్పుకుందా, దానికేమైనా జ్వరమా అన్నారు. నేను నోరు తెరిచేలోపు మూడో వేలు మడిచారు. వెంటిలేటర్ గడియ లోపలి వైపు ఉందని మీరే రాశారు, బయట నిచ్చెన వేసుకున్నవాడు లోపలి గడియ ఎలా వేస్తాడు, చేతులేమైనా గోడలోంచి పోతాయా అన్నారు. వేసింది లోపలివాళ్ళే, అంతకుముందు స్నానం చేసినవాళ్ళే అన్నారు. రెండో అధ్యాయంలో చనిపోయినావిడ చెల్లెలు తలారబోసుకోకుండా కూర్చుని పిల్లకి కథ చెబుతూ ఉంటుంది కదా, ఆ తడి జుట్టులోంచి నీళ్ళు పిల్ల పలక మీద పడి అక్షరాలు చెరిగిపోతుంటాయి కదా, అంత మంచి క్లూ ఇచ్చి ఆ చెల్లెల్ని వదిలేసి ఫోటోగ్రాఫర్ని పట్టుకుంటారేమిటి అన్నారు.

అది క్లూ కాదండీ, ఊరికే రాశాను అన్నాను.

ఊరికే ఎవరూ రాయరమ్మా అని, నంబర్ బాగా కుదిరిందని మెచ్చుకుని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఆయనకి అద్దాలిచ్చి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను.

నవంబర్ 22

మా ఆయన నవల పూర్తి చేశారు. మామూలుగా ఆయన చదివేవి కరెంటు బిల్లు, క్రికెట్ స్కోరు. బాగుంది అన్నారు. ఆగి, మా అత్తగారి బాత్రూముని దక్షిణాదికి మోసుకుపోయావేం అన్నారు.

మొదట అర్థం కాలేదు. ఆకుపచ్చ టైల్స్, మూల విరిగిన గట్టు, తలుపు వెనక మేకు, ఎత్తున వెంటిలేటర్, అన్నీ మీ పిన్ని ఇంట్లోవేగా అన్నారు. నిజమే. నాకు మనుషుల్ని అల్లడం వచ్చు, గదుల్ని అల్లడం రాదు. ఏ గది రాసినా మా ఇంట్లోంచే తెచ్చుకుంటాను. అందుకే ఉక్కపోత ఊళ్ళో వేడినీళ్ళు. అందుకే శాలువా. మాస్టారి ముందు పరువు పోయింది అందుకే.

తర్వాత నవ్వుతూ ఇంకో మాట అన్నారు. ఒక్కటే తేడా, మీ ఇంటి వెంటిలేటర్‌కి తలుపే లేదు కదా అన్నారు. పెళ్ళైన కొత్తలో ఆ బాత్రూములో గజగజ వణికిన కథ మళ్ళీ మొదలుపెట్టారు. ఇంత చలి ఊళ్ళో ఆ కన్నానికి తలుపు పెట్టించుకోరేం అని అప్పట్లో అడిగితే, మీ పిన్ని నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు అన్నారు.

ఎప్పుడూ నవ్వే కథే. ఈసారి నవ్వు రాలేదు.

నవంబర్ 26

పబ్లిషర్ ఫోన్. ఎడిషన్ అయిపోవచ్చిందట. సంతోషం సగం కూడా దిగకముందే రెండో మాట వేశాడు. పాఠకులందరిదీ ఒకటే గొడవట. దెయ్యం సూపర్, హంతకుడు వేస్ట్. చెల్లెలే చంపిందని అందరూ అంటున్నారు, మీరు కూడా మనసులో అదే పెట్టుకుని చివర్లో ధైర్యం చాలక ఫోటోగ్రాఫర్ మీదికి నెట్టేశారు అంటున్నారు అన్నాడు. రెండో ముద్రణకి మార్చి ఇస్తారా అన్నాడు.

నేను అలాంటిదేమీ మనసులో పెట్టుకోలేదు అన్నాను. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

నవంబర్ 29

పిన్నిని బలవంతంగా షాపుకి లాక్కొచ్చాను. నెల కావస్తోంది, ఇంకా మొదటి పేజీ తిప్పలేదంటే ఎలా. కుర్చీలో కూర్చోబెట్టి, లైటు తగ్గించి, అద్దం తర్వాత అద్దం వేశాను. దూరం చార్టు చివరి వరస వరకూ గడగడా చదివింది. తర్వాత నవల చేతికిచ్చాను. ఏమీ కనబడటం లేదంది. అద్దం మార్చాను. లేదంది. ఇంకోటి. లేదంది.

చూపు ఆననివాళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసు. పుస్తకాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతారు. కళ్ళు చికిలిస్తారు. దీపం వైపు తిప్పుతారు. పిన్ని ఇవేవీ చెయ్యలేదు. పుస్తకం తెరిచి, అక్షరాల మీద కాకుండా మధ్య మడత మీద చూపు పెట్టి కూర్చుంది. స్కూలు ఎగ్గొట్టడానికి పిల్లలు ఇలా చేస్తారు. వాళ్ళ అమ్మల్ని పక్కకి పిలిచి, కళ్ళు భేషుగ్గా ఉన్నాయండీ, స్కూల్లో ఏం జరిగిందో కనుక్కోండి అని చెబుతాను.

పిన్ని విషయం ఎవర్ని పక్కకి పిలిచి చెప్పను?

డిసెంబర్ 1

చెప్పకుండా వెళ్ళాను. కిటికీ దగ్గర కూర్చుని నల్ల దారం సూదిలోకి ఎక్కిస్తోంది. పాత కళ్ళజోడే. మొదటిసారికే ఎక్కింది. నన్ను చూసి సూది కింద పెట్టి, కళ్ళు నులుముకుంది.

చదివేసింది. ఎప్పుడో చదివేసింది. అంత బాగాలేదా నా నవల? అబద్ధం చెప్పడం చేతకాని మనిషి, నా కోసం గుడ్డిదానిలా నటిస్తోంది. ఇంటికొచ్చి ఏడ్చాను. ఇంత వయసొచ్చి పుస్తకం బాగాలేదన్నారని ఏడవడం ఏమిటని మా ఆయన అన్నారు. ఎవరన్నారని అడిగితే ఏం చెప్పను. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఏడుపు.

డిసెంబర్ 5

పిన్ని కుట్టుమిషన్ ఇచ్చేసింది. కింది వాటా ఆవిడకి. ఆ మిషన్ నాన్న కొనిచ్చింది, దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆవిడే నాకు ఫోన్ చేసి, మీ పిన్ని ఊరు వదిలి పోతున్నారట, మీకు తెలుసా అని అడిగింది. తెలుసు అని అబద్ధం చెప్పాను.

పిన్నికి ఫోన్ చేస్తే, చిన్నప్పటి స్నేహితురాలు రమ్మంటోంది, ఇద్దరం ఒకచోట ఉంటాం, ఆదివారం బండి మాట్లాడాను అంది. మాటలన్నీ ముందే బట్టీ పట్టినట్టు చెప్పింది. నేనేం చేశాను పిన్నీ అన్నాను. నువ్వేం చేశావే, నువ్వేమీ చెయ్యలేదు అంది. ఫోన్ పెట్టేసింది.

అమ్మ అని పిలుస్తానంటే చిన్నప్పుడు ఒప్పుకునేది కాదు. నేను నీకు పిన్నినే, ఆ పిలుపు మా అక్కది అనేది. పంతం అనుకునేదాన్ని.

డిసెంబర్ 6, పొద్దున్న ఏడు

బస్సులో రాస్తున్నాను. తెల్లారేదాకా కుదురు లేదు. మాస్టారి వేళ్ళు ఒక్కొక్కటే మడుచుకుంటున్నాయి. గడియ లోపల ఉంది. ముందు స్నానం చేసినవాళ్ళే వేశారు. చెల్లెలి జుట్టు తడిగా ఉంది.

ఆ పలక నాది.

ఊరికే రాశాననుకున్నాను. ఊరికే కాదు. ఆకుపచ్చ అంచు పలక, నా ఒళ్ళో. పైనుంచి నీటిచుక్కలు పడి అక్షరాలు చెరిగిపోతున్నాయి. తల ఎత్తితే పిన్ని. గుండె ఆగిందని అంటే గుండె ఆగిందనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. మా ఇంట్లో కూడా గ్యాస్ గీజరే ఉండేది. కరెంటుది తర్వాత వచ్చింది.

కండక్టర్ రెండుసార్లు అడిగాడట, టిక్కెట్ అని.

డిసెంబర్ 6, మధ్యాహ్నం

అక్కడి నుంచి వచ్చి కూర్చున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

తలుపు తీసి, వచ్చావా అంది. ఎదురుచూస్తున్న మనిషిలా అంది. ఇల్లంతా మూటలు. నా నవల ఒక్కటే బల్ల మీద విడిగా ఉంది. చదివావు కదా అన్నాను. అంతా రాసేశావు కదే, ఇంకా నా నోటితో చెప్పించాలా అంది.

నలభై ఏళ్ళు మనసులో పెట్టుకుని, నా చేతి ముద్ద తిని, నా పక్కలో పడుకుని, నాతో నవ్వి, చివరికి అచ్చు వేయించి తెచ్చి నా చేతిలోనే పెట్టావు అంది. కోపంగా అనలేదు. అదే భరించలేకపోయాను. మొదటి పేజీ తీసి నా రాత నాకే చూపించింది. ఈసారి హంతకుణ్ణి పట్టుకో చూద్దాం. పట్టుకున్నానే, రెండో అధ్యాయంలోనే పట్టుకున్నాను, తడి జుట్టు దగ్గర అంది. పాపం ఆ ఫోటోగ్రాఫర్ని మధ్యలో పెట్టి నా పరువు కాపాడావు, అదీ నీ మంచితనమే అంది.

మూటల మధ్య నేల మీద కూర్చున్నాను.

తర్వాత తనే చెప్పింది. ఆ రోజు ముసురు. చలి. అక్కాబావల ఇంట్లో ఉండి చదువుకుంటున్న రోజులు. ముందు తను స్నానం చేసింది. బయటికి వస్తూ, వెంటిలేటర్‌లోంచి జల్లు కొడుతోందని స్టూలెక్కి మూసింది. గ్యాస్ సంగతి ఆ రోజుల్లో ఎవరికి తెలుసే అంది. రోజూ అమ్మ నన్ను కూడా స్నానానికి తీసుకెళ్ళేదట. ఆ రోజు నాకు జలుబని పిన్ని ఆపింది. నేను మారాం చేస్తుంటే కథ మొదలుపెట్టింది. కథ మంచి పాకాన పడింది, మధ్యలో లేవబుద్ధి కాలేదు అంది. అక్క ఎంతకీ రావడం లేదని తోచేసరికి ఆలస్యమైపోయింది.

ఏ కథ అని అడిగాను. గుర్తు లేదంది. మధ్య మడత మీద చూపు పెట్టిన కళ్ళతోనే అంది.

డాక్టర్ గుండె అన్నాడు, అందరూ నమ్మారు, తనూ నమ్మింది. నాన్నని చేసుకుంది. రెండేళ్ళకి పై వీధిలో అలాగే ఇంకెవరో పోతే, గ్యాస్ కంపెనీ మనిషి ఇల్లిల్లూ తిరిగి, వెంటిలేటర్ మూసి స్నానం చెయ్యకండి అని చెప్పిపోయాడు. అప్పుడు తెలిసిందంది. అన్నం కలుపుతున్న చెయ్యి కలిపినట్టే ఉండిపోయిందంది. నాన్నకి చెబుదామని రోజూ అనుకుందట. నాన్న పోయేదాకా అనుకుంటూనే ఉందట.

పిల్లని నాకిచ్చి పోయింది మా అక్క, చెబితే నిన్ను నా దగ్గర ఉండనిస్తారా అంది.

నేను ఒకటే మాట అన్నాను. నాకు తెలియదు పిన్నీ. ఒట్టు, నాకేమీ తెలియదు. నవలంతా కల్పితం అనుకునే రాశాను. తను నమ్మలేదు. నేను అబద్ధాలు రాయడం నేర్చుకున్నానంది. తెలియనిదానివి, ఆ దెయ్యాన్ని ఎందుకు పంపావే అంది. రోజూ తెల్లారేసరికి వచ్చి ఆ వెంటిలేటర్ తీస్తూ ఉంటుంది మా అక్క, నువ్వు మూసినది నేను తీస్తున్నానే అన్నట్టు, ఆ పేజీలు చదివి నేను మళ్ళీ అన్నం తినలేకపోయాను అంది.

ఆ దెయ్యాన్ని నేను పంపలేదు, చూశాను అని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే కింది వాటా ఆవిడ మిషన్ కవరు ఎక్కడుందని వచ్చింది. లేచి వచ్చేశాను.

డిసెంబర్ 7

షాపుకి వెళ్ళలేదు. తను చేసింది హత్య కాదు. జల్లు కొడుతోందని వెంటిలేటర్ మూసింది. అంతే. నేను దానికి హత్య అని పేరు పెట్టి, ఎర్ర అక్షరాలతో అచ్చు వేయించి, అద్దాలతో పాటు అమ్మాను. ఊళ్ళో ప్రతివాడూ చెల్లెలే చంపిందని తీర్పు చెబుతుంటే షాపులో నిలబడి థాంక్స్ అన్నాను.

కోపం లేదా అని నన్ను నేనే అడిగాను. ఉంది. అమ్మ మీద దిగులు ఉంది, నలభై ఏళ్ళు దాచినందుకు పిన్ని మీద కోపం ఉంది. కానీ ఆదివారం ఆ బండి కదలడం తలుచుకుంటే మిగతావన్నీ చిన్నవైపోతున్నాయి.

డిసెంబర్ 8, ఆదివారం

తెల్లవారకముందే వెళ్ళాను. బండి రాకముందే పట్టుకోవాలని. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల దీపం లేదు. బాత్రూము దగ్గర అలికిడి.

చూశాను.

స్టూలు మీద నిలబడి ఉంది. వీపు నావైపు. అంచున కాలిన మచ్చ ఉన్న ఊలు శాలువా. చెయ్యి పైకి. తలుపు లేని వెంటిలేటర్ చట్రాన్ని వేళ్ళతో తడుముతోంది, తెరిచే ఉందా అని.

నా గొంతులోంచి ఏం శబ్దం వచ్చిందో తెలియదు. ఆమె తూలింది. వెళ్ళి నడుము పట్టుకున్నాను. పట్టుకుని, ఆ వీపుకి మొహం ఆనించి, అలాగే ఉండిపోయాను. దింపలేదు.

రోజూ చూడందే నాకు తెల్లారదే అంది. గ్యాస్ మనిషి చెప్పి వెళ్ళిన రోజు నుంచీ అంతేనట. చలేస్తోందని నాన్న పడుకునేముందు మూసేవాడు. నేను స్నానానికి లేచేలోపు తను వెళ్ళి తీసేది. ఎందుకని అడిగితే చెప్పాల్సి వస్తుందని ఎవరూ లేవకముందే తీసేది. చివరికి వడ్రంగిని పిలిచి ఆ తలుపే ఊడపీకించేసింది. తలుపు లేకపోయినా రోజూ తడిమి చూస్తుంది. పోయేముందు ఆఖరిసారి చూసుకుందామని ఎక్కిందట. శాలువా మా అక్కది, అది కప్పుకుంటే కాస్త ధైర్యం అంది.

అప్పుడు చెప్పాను. నేను చూశాను పిన్నీ అన్నాను. చిన్నప్పుడు చూశాను, ఈ శాలువా చూసి అమ్మ అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు, ఆ వీపు కోసమే నవల రాశాను అన్నాను. నిన్ను తిట్టడానికి పంపిన దెయ్యం కాదది, అది నువ్వే అన్నాను.

పిన్ని స్టూలు మీదే కూర్చుండిపోయింది. నన్నేనా అంది. మా అక్క కాదా, నన్నేనా అని మళ్ళీ అడిగింది. నావైపు చూసింది, నేరుగా, మడత మీద కాదు. ఆమె ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు, నాన్న పోయినప్పుడు కూడా.

ఆ వీపుగా నాకు మిగిలిన ఒక్క అమ్మా ఈ పొద్దున పోయింది. వచ్చినావిడ ఎప్పుడూ ఈవిడే. రెండూ ఒకేసారి అర్థమైతే మనిషి ఏం చెయ్యాలి? బయట బండివాడు హారన్ కొట్టాడు. వెళ్ళి, ఎవరూ రావడం లేదు, వెళ్ళిపో అన్నాను. అడ్వాన్సు తిరిగి ఇవ్వనన్నాడు. ఇవ్వద్దులే అన్నాను.

డిసెంబర్ 11

పిన్ని మా ఇంటికి వచ్చేసింది. మిషన్ తిరిగి తేవడానికి కింది వాటా ఆవిడతో మా ఆయన చిన్న యుద్ధమే చేశారు. పిన్ని వచ్చీ రాగానే బాత్రూము చూసి, ఇదేమిటి, దీనికి తలుపుందేం అంది. ఇది కరెంటుదే, ఏమీ కాదు అన్నాను. తల ఊపింది. నమ్మలేదు.

డిసెంబర్ 15

చివరికి అడిగేశాను. నవల ఎలా ఉంది పిన్నీ. చేతిలో పని ఆపకుండా, స్టూలుకి మూడే కాళ్ళు, నువ్వు నాలుగని రాశావు అంది. అంతేనా అన్నాను. దారం పళ్ళతో కొరికి, దగ్గు డిటెక్టివ్‌కి ఎవరైనా మందు ఇప్పించాల్సింది అంది. ఇంకా చాలాసేపటికి, ఆ శాలువా పేజీ బాగా రాశావే అంది.

పబ్లిషర్‌కి ఫోన్ చేశాను. రెండో ముద్రణలో హంతకుడు ఉండడు అన్నాను. డిటెక్టివ్ నవలలో హంతకుడు లేకపోవడం ఏమిటండీ, జనం కొడతారు అన్నాడు. జల్లు కొట్టింది, వెంటిలేటర్ మూశారు, అంతే అన్నాను. మరి దెయ్యం ఉంటుందా అని భయంభయంగా అడిగాడు. ఉంటుంది అన్నాను. ఊపిరి పీల్చుకున్నాడు.

జనవరి 3, తెల్లవారుజామున

దెయ్యానికి మోకాళ్ళ నొప్పులు. స్టూలెక్కలేదు. శాలువా తెచ్చి నా భుజాల మీద కప్పి, కింద నిలబడి చూస్తోంది.

నేను ఎక్కి తీస్తున్నాను.